షిరాజ్ సీసా, తోతాపురి తోట

వార్తాపత్రికలో చుట్టిన సీసాను ఒళ్ళో పెట్టుకుని, ఆ ఆదివారం తిరుపతిలో చిత్తూరు బస్సెక్కాను. అక్క పిలిపించింది. బావ తోతాపురి మామిడి తోట కొట్టించేసి వైన్ ద్రాక్ష నాటాలని నిశ్చయించుకున్నాడు. మరునాడు రంపం మిషను వస్తుంది. మొక్కలమ్మే ఏజెంటు బావ చేతిలో షిరాజ్ అనే ద్రాక్షతో చేసిన వైన్ సీసా ఒకటి పెట్టి, ఇంత మంచి వైన్ ఇంత చవగ్గా ఇంకెక్కడా దొరకదనీ, ఆ ద్రాక్ష మన నేలలో పండుతుందనీ, పండిన కాయ తామే కొంటామనీ చెప్పిపోయాడట.

"కొట్టేస్తే చెట్లు మళ్ళా వస్తాయా? నువ్వొచ్చి సూడు," అంది అక్క ఫోనులో.

ఉద్యోగమంతా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో గడిపినవాణ్ణి కాబట్టి, ఏ మాట నిజమో తేల్చవలసి వచ్చినప్పుడు బంధువులకు నేను గుర్తొస్తాను. రాగి చెంబు నీళ్ళు, షుగరు తగ్గించే కషాయం, అన్నీ నా దగ్గరికే వచ్చాయి. అడిగేవాళ్ళకు కావలసింది పరీక్ష కాదు, ఔననే మాట. ఆ పని నాకు విసుగెత్తి చాలా కాలమైంది. అయినా వెళ్ళాను.

నేను చేరేసరికి బావ ఆ వైన్‌ను స్టీలు గ్లాసులో పోసి, సగానికి సగం చల్లటి నీళ్ళు కలుపుతున్నాడు.

"అది విస్కీ కాదు బావా. నీళ్ళు పోస్తే నేను దేన్ని పరీక్షించాలి?"

"కలపకుంటే వగరుగా ఉండాదప్పా."

నేను తెచ్చినది కూడా షిరాజే. కొన్ని సీసాల మీద దాన్నే సిరా అని రాస్తారు; ద్రాక్ష ఒకటే. ధర మాత్రం బావ సీసాకు ఎన్నో రెట్లు. ఫ్యాక్టరీలో గుజ్జుకు చేసినట్టే చేశాను. అక్క వంటింట్లో మూడు గాజు గ్లాసులు నింపాలి: రెండింటిలో ఒక సీసాది, మూడోదానిలో రెండో సీసాది. ఏది ఏదో తెలియకుండా, వేరుగా ఉన్నదాన్ని నేను పట్టుకోవాలి.

"తాగేదానికి గూడా పరీక్షలు పెట్టేవాణ్ణి నిన్నే సూసినా అబ్బీ," అంటూ అక్క గ్లాసులు తెచ్చింది. అంతలో ఒకదాన్ని వాసన చూసి, "ఇదేంది, మిరియాల చారు మాదిరి ఉండాది," అంది.

షిరాజ్‌లో మిరియాల వాసన ఉంటుందన్న మాట తాగేవాళ్ళ ఊహేనని అంతవరకూ అనుకునేవాణ్ణి. అక్క ఆ సంగతి విని ఎరగదు. మూడింటిలో వేరుగా ఉన్నదాన్ని నేను పట్టుకున్నాను. కానీ నాకు నచ్చింది అది కాదు, మిగిలిన రెండూ అని చెప్పాను. అవి చవక సీసావని అక్క చెప్పింది. ఒక్క నాలుక, ఒక్క పరీక్ష, దీన్ని రుజువనలేను. అయినా ఏజెంటు మాటను కాదనడానికి నా దగ్గర ఆధారమేదీ మిగల్లేదు.

"సూసినావా, నీ నోటితోనే చెప్పినావు," అన్నాడు బావ.

"వైన్ మంచిదే బావా. చవకే. ఆ ధరలోనే పన్నుంది, షాపు లాభముంది, లారీ కిరాయి ఉంది, సీసా ఉంది. అవన్నీ పోగా ద్రాక్షకాయకేం మిగులుతుంది?"

"ఎంత మిగులుతాది?"

"నాకు తెలియదు. అతన్నే అడుగు."

బావ ముగ్గురికీ వినబడేలా ఫోను పెట్టి, ఏజెంటును అడిగాడు. "కాయ కిలో ఎంతకు తీసుకుంటావప్పా? కాగితం మీద రాసిస్తావా?"

"ముందు నాటండి సార్. కాపుకొచ్చినాక మార్కెట్టును బట్టి సూస్తాం."

బావ ఫోను కట్ చేశాడు. మార్కెట్టును బట్టి సూస్తాం అన్న మాట మొన్నటి కాపులో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు, మెత్తబడుతున్న మామిడికాయల ట్రాక్టరు పక్కన నిలబడి ఆయన విన్నాడు. పెట్టెల్లో అమ్మే మామిడి రసమూ రుచిగానే ఉంటుంది, చవగ్గానే దొరుకుతుంది. ఆ చవకను మోసింది ఎవరో ఆయనకు నేను చెప్పనక్కరలేదు.

కాసేపటికి రంపం మిషను వాడికి ఫోను చేశాడు. "రేపు రావద్దులే అబ్బా." అక్క గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బావ ముఖంలో తేలిక కనబడలేదు. చవక సీసాలో మిగిలినదాన్ని ఈసారి నీళ్ళు కలపకుండానే పోసుకున్నాడు.

"బాగానే ఉండాది," అన్నాడు. "మరి నా మామిడికాయల్ని యాడ పొయ్యమంటావు?"

నేను పరీక్షించడానికి వచ్చింది ఆ సీసా ఒక్కదాన్నే; కాయలెక్కడ పోయాలో నాకూ తెలియదు. ఆ మాటే ఆయనతో చెప్పాను. ఆయన తలూపి, నా గ్లాసులోనూ కొంచెం పోశాడు.