వదిన దంచిన ధనియాల పొడి

ఈ పొద్దున కింది వాటాలో ఎవరో ధనియాలు వేయిస్తున్నారు. ఆ వాసనకు జమ్మికుంటలో మా వంటింటి రోలు, పొగచూరిన సత్తు గిన్నె కళ్లముందు నిలిచాయి. మీ ఇళ్లలోనూ ఉండేవి కదా, గుర్తున్నాయా?

మా పెద్దన్న పెళ్లయిన కొత్తలో, ఆసిఫాబాద్ నుంచి వచ్చిన వదిన ఓ ఆదివారం మటన్ వండింది. ధనియాలు, చెక్క, లవంగాలు, ఎండుకొబ్బరి దోరగా వేయించి, తనే రోట్లో దంచి వేసింది. బాపు వేళ్లు నాకుతూ, "గింత కమ్మటి కూర మనింట్ల ఎన్నడు తినలే బిడ్డా!" అన్నాడు.

అన్నేళ్లుగా వండిపెట్టిన, మేం అవ్వ అని పిలిచే అమ్మ ముఖం మాడిపోయింది. "నాకు ఆకలైతలేదు" అంది. నాకూ కడుపు మండి, అదే మాట చెప్పి పళ్లెం ముందు నుంచి లేచిపోయాను.

కాసేపటికి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళితే, అవ్వ ఆ కూర గిన్నెలోనే అన్నం వేసుకుని, అడుగంతా తుడిచి తింటోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"జర నోరు తెరువు" అంటూ నాకూ ఓ ముద్ద పెట్టింది. "మీ బాపుకు చెప్పకు."

చెప్పలేదు. కానీ ఆ ముద్ద అంత రుచిగా ఉన్నందుకు వదిన మీద నాకు ఇంకా ఎక్కువ మండింది.