మా అక్క పట్టుకున్న చేతులు

మా అక్క ట్వైలా మా కౌంటీలో సగం మంది చేతులు పట్టుకుంది. ఎగతాళికి అనడం లేదు. షెరీఫ్ ఆఫీసులో, అంటే మా కౌంటీ పోలీసు కచేరీలో, ఆమె ఉద్యోగమే అది. తుపాకీ లైసెన్సుకి వచ్చిన ప్రతి మనిషి పది వేళ్ళకూ సిరా అద్ది, అట్ట మీది గళ్ళలో ఒక్కొక్కటే దొర్లించాలి. పద్నాలుగేళ్ళు ఆ పని చేసింది. నేను అదే భవనంలో నేల తుడిచేదాన్ని. ఆమె గది తలుపుకి పైసగం అద్దం. నా తుడుపుకర్ర ఆ తలుపు ముందే ఎక్కువసేపు ఆగేది.

ముద్ర తీయడంలో ఒక కిటుకుంది. వచ్చినవాడు సాయం చేయకూడదు. తనంతట తాను వేలు నొక్కాడంటే ముద్ర అలుక్కుపోతుంది. అందుకని అక్క అందరికీ ఒకటే చెప్పేది: "నువ్వేం చెయ్యకు. చెయ్యి నాకొదిలెయ్. ఆ క్యాలెండరు చూస్తూ కూర్చో." కోడెదూడల్ని కింద పడేసి కాళ్ళు కట్టే మగవాళ్ళు కూడా ఆ మాటకి పసిపిల్లల్లా చెయ్యి వదిలేసేవారు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో చెప్పని సంగతులన్నీ క్యాలెండరుకి చెప్పేవారు. అక్క వినేది.

అది చూస్తే నాకు కడుపు మండేది. అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు నేను పదో తరగతి. అక్కకి అప్పటికే ఉద్యోగం ఉంది కనుక ఇంట్లో ఉండాల్సింది నేనే అయింది. బడి మానెయ్యమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. అమ్మ పోయాక నాకు చీపురూ తుడుపుకర్రా మిగిలాయి. అక్కకు ఊరంతా మిగిలింది. దుకాణానికి వెళితే ఆమెను పది మంది పలకరిస్తారు, నా సంచీని ఎవరో పక్కకి జరుపుతారు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ మండించినవాడు ఆర్లిస్. తాపీ మేస్త్రీ. సున్నం, సిమెంటు అతని వేళ్ళ గీతల్ని తినేశాయి. అక్క పంపిన ముద్రలు రాజధాని నుంచి రెండుసార్లు తిరిగొచ్చాయి.

"ట్వైలమ్మా, మళ్ళీ వచ్చాను. నేను మనిషినేనంటే అక్కడెవరూ నమ్మడం లేదు."

"నమ్మేట్టు లేవు మరి. ఈ వేళ్ళతో బ్యాంకు దోచినా నిన్నెవరూ పట్టుకోలేరు."

"ఆ పని చేసుకుంటే నయమేమో. దానికి లైసెన్సు అక్కర్లేదుగా."

అక్క నవ్వుతూ సొరుగులోంచి ఆకుపచ్చ డబ్బా తీసింది. ఆవు పొదుగులు పగిలితే రాసే మైనం అది. గీతలు కాస్త పైకి తేలాలని అతని వేళ్ళకి ఒక్కొక్కదానికీ రుద్దింది.

"లైసెన్సు అక్కర్లేదనే ఆ కొత్త చట్టం వస్తే ఈ తిప్పలుండవు," అన్నాడు ఆర్లిస్. "నా పిస్తోలు నా నడుముకి, నలుగురికీ కనపడేలా పెట్టుకుంటాను. దాచుకునేవాణ్ణి అడగండి, నన్నెందుకు?"

"అడిగేది పిస్తోలు గురించి కాదయ్యా, చెయ్యి గురించి. చేపలు పట్టాలంటే కాగితం కావాలి. జుట్టు కత్తిరించాలంటే కావాలి. దీనికొక్కదానికీ వద్దా?"

"చేపలు పట్టడం రాజ్యాంగంలో లేదు, తుపాకీ హక్కు ఉంది!"

"వేళ్ళు బిగించకు. అలికేశావ్ చూడు."

మామూలు మనిషికి పది నిమిషాలు. ఆర్లిస్‌కి ఇరవై అయిదు. నేను గడియారం చూశాను. అతను బయటికి వస్తుంటే "జాగ్రత్తండీ, తడిగా ఉంది" అనాలని పొద్దుటి నుంచి మనసులో అనుకుంటున్నాను. తీరా వస్తే తల వంచి తుడుస్తూనే ఉన్నాను. అతనే జారబోయి, గోడ పట్టుకుని, "నువ్వు ట్వైలా చెల్లెలివి కదూ?" అన్నాడు. నా పేరు అడగలేదు.

ఆ చట్టం రావాలని ఆ రాత్రి ప్రార్థించాను. తుపాకుల మీద నాకు ఏ అభిప్రాయమూ లేదు. ఆ గది పోవాలి, అంతే.

చట్టం మీద జనం మాట వినడానికి మా శాసనసభ్యుడు ఆదివారం సంత మైదానం హాలుకి వస్తున్నాడన్నారు. ఆ పొద్దున అక్క మొక్కజొన్న రొట్టె ముక్క నా పళ్ళెంలో వేసి అంది:

"నెట్టీ, ఆ నీలం చొక్కా ఆయన గుర్తున్నాడా?"

గుర్తున్నాడు. ఆమధ్య లైసెన్సుకని బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని వచ్చాడు. అక్క చేతిలో అతని చెయ్యి కోడిపిల్లలా వణికింది. ఈ స్థితిలో పిస్తోలు చేతికొస్తే ఏం చేసుకుంటాడోనని అక్క నిండుగా ఉన్న సిరా డబ్బా మూత పెట్టేసి, "సిరా ఎండిపోయింది బాబూ, గురువారం రా" అని పంపేసింది. గురువారం అతను రాలేదు. నెల తర్వాత దాణా కొట్టు దగ్గర భార్యతో నవ్వుతూ కనిపించాడు. ఆ అబద్ధం నేను తలుపు బయటి నుంచి విన్నాను.

"ఆయన పేరు నేను చెప్పకూడదు. కానీ నువ్వూ చూశావు. లేచి ఒక్క మాట చెప్పు చాలు. లేకపోతే ఉద్యోగం కోసం కట్టుకథ చెప్పాననుకుంటారు."

తలూపాను.

హాలు కిటకిటలాడింది. సగం మంది నడుముకి పిస్తోళ్ళతోనే వచ్చారు. అక్క లేచి, పేరు చెప్పకుండా ఆ సంగతంతా చెప్పింది. "కాగితం వల్ల ఏం ఒరిగిందో నాకు తెలీదు. ఒక మనిషి చెయ్యి ఇంకో మనిషి పట్టుకుని చూసింది, అదొక్కటే తెలుసు," అంది.

వెనకనుంచి ఒక ముసలాయన, "ఉద్యోగం ఊడుతుందని ఏడుపా అమ్మాయ్? ఎవరు చూశారు ఇదంతా?" అన్నాడు. జనం నవ్వారు. ఆర్లిస్ కూడా నవ్వాడు. ఆ తర్వాత తల దించుకున్నాడు.

అక్క నావైపు చూసింది. నేను నా బూట్ల వైపు చూశాను. సిగ్గు అనుకుంటారు అందరూ. సిగ్గు కొంత ఉంది. కానీ నవ్వుతున్న ఆ జనం మధ్య అక్క ఒంటరిగా నిలబడటం నాకు బాగుంది. మొదటిసారి ఆమె చుట్టూ ఎవరూ లేరు.

చట్టం వచ్చింది. నేనొక్కదాన్ని లేచి మాట్లాడితే ఆగేది కాదు, అది నాకు తెలుసు. లైసెన్సు ఇంకా అడిగే పక్క రాష్ట్రాలకు పిస్తోలు పట్టుకెళ్ళేవాళ్ళు మాత్రం వారానికి ఒకరిద్దరు వచ్చేవారు. ఆర్లిస్ నడుముకి పిస్తోలు పెట్టుకుని బజారులో తిరుగుతున్నాడు. ఈ గుమ్మం తొక్కడం లేదు. నేను కోరిందంతా జరిగింది. దానివల్ల నా పేరు ఎవరికీ తెలిసిపోలేదు. గది మూసేస్తున్నామని చెప్పి, అక్కని జైలు వైపు వేశారు. ఇకమీదట బేడీలతో వచ్చే చేతుల ముద్రలు తీయాలి.

ఆమె ఆ గదిలో ఉన్న చివరి శుక్రవారం నేను లోపలికి వెళ్ళాను. బడి వంటశాలలో పనికి అడిగాను. దానికీ వేలిముద్రలు కావాలట.

"ఒసేయ్, నీకు గీతలే లేవే!" అంది అక్క, నా వేలు వెలుతురుకి తిప్పి. "ఏం పోసి కడుగుతున్నావు ఆ నేల?"

చదువురాని వాళ్ళు కనీసం వేలిముద్రయినా వేస్తారు. నాకు అదీ పడదన్నమాట.

ఆకుపచ్చ డబ్బా తీసి నా వేళ్ళకి మైనం రుద్దింది. ఆమె చేతులు వెచ్చగా ఉన్నాయి. "నువ్వేం చెయ్యకు. క్యాలెండరు చూడు."

"అక్కా, ఆ రోజు నేను లేవలేదు."

"చూశాను." నా ఉంగరపు వేలు దొర్లించింది. "ఆ తలుపు అద్దంలోంచి రెండువైపులా కనిపిస్తుంది నెట్టీ. ఇన్నాళ్ళూ నువ్వు నన్ను చూస్తే నేను నిన్ను చూడలేదనుకున్నావా?"

తర్వాతి వేలికి సిరా అద్దింది. క్యాలెండరు పక్కనే గడియారం. ఇరవై నిమిషాలయింది. ఒక్క వేలే మిగిలింది.

చిటికెన వేలు కావాలనే కాస్త నొక్కాను. ముద్ర అలుక్కుపోయింది. అక్క నావైపు చూసి, సొరుగులోంచి ఇంకో అట్ట తీసింది.