మిలట్రీ బ్యాగు కొన్న రోజు

నారాయణమ్మ ఎండునెత్తళ్ల చేపల గంప ఎత్తుకుని నరసన్నపేట బజారుకు తిరగడం మొదలుపెట్టింది మొగుడు పోయిన ఏడాది. కళింగపట్నం దగ్గర వాళ్ల పల్లె. మొగుడు రాముడు చేపల వేటకు వెళ్లినప్పుడు తెప్ప తిరగబడింది. మూడో రోజున ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషిని మొలతాడును బట్టి గుర్తుపట్టింది. ఆ రోజు పదకొండేళ్ల కొడుకు నెత్తి మీద చెయ్యి వేసి, వీణ్ణి నీళ్లలోకి దించనని పల్లె అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది.

ఆ కొడుకు బాబీ. ఏడేళ్ల పాటు వాడు గట్టిగా నవ్వగా చూడలేదామె. డిగ్రీలో చేరాక ఎవరో సీనియర్లు మిలట్రీ సెలక్షన్ల సంగతి చెప్పారట. అప్పట్నుంచీ మనిషే మారిపోయాడు. తెల్లారగట్లే లేచి ఇసుకలో పరుగెత్తేవాడు. కాలేజీ సంచిలో ఇసుక నింపి వీపున వేసుకుని సాలిహుండం కొండ ఎక్కి దిగేవాడు. తిరిగొచ్చి, ఈ వేళ ఎన్ని నిమిషాల్లో ఎక్కాడో చెబుతూ రెండు పళ్లేల అన్నం తినేవాడు. పొయ్యి దగ్గర కూర్చుని ఆ మాటలు వింటుంటే ఆమెకు కడుపు నిండేది.

రెండువేల పదిహేను శ్రావణంలో కొండ దిగుతుండగా ఆ సంచి పట్టీ తెగింది. బరువు ఒక పక్కకు లాగేసరికి బాబీ రాళ్ల మీద పడి మోకాలు చెక్కుకుపోయింది. మిలట్రీ వాళ్లు వేసుకునే లాంటి బ్యాగు ఒకటి ఉంటే కొండకీ పనికొస్తుంది, కాలేజీకీ పనికొస్తుంది, రేపు సెలక్షన్లకు వెళ్తే బట్టలకీ సరిపోతుందన్నాడు. అంతకుముందు ఏదీ అడిగి ఎరగడు. మర్నాడు గంప త్వరగా ఖాళీ చేసి వాణ్ణి నరసన్నపేటలో గణపతిరావు బ్యాగుల దుకాణానికి తీసుకెళ్లింది.

గణపతిరావు మూడు రకాలు తీసి బల్ల మీద పడేశాడు. మొదటిది ముతక కాన్వాసు. చూడ్డానికి అచ్చం సిపాయిలదే, కానీ తడిస్తే నీళ్లు తాగి రాయిలా బరువెక్కుతుందని అతనే ఒప్పుకున్నాడు. రెండోది చవక. ముందు భాగమంతా పట్టీలూ జేబులూ కుట్టి గొప్పగా కనిపించింది. నారాయణమ్మ దాన్ని తిరగేసి, వల కన్నులు చూసే అలవాటు కొద్దీ, భుజం పట్టీ సంచితో కలిసే చోట రెండు చేతులా పట్టి లాగింది. కుట్టు నోరు తెరిచింది. గణపతిరావు నొచ్చుకున్నట్టు చూసి దాన్ని లోపల పెట్టేశాడు.

మూడోది మందమైన నైలాను గుడ్డ. బరువు పడే చోటల్లా రెండు వరసల కుట్టు. రొమ్ము మీద ఒక బెల్టు, నడుముకు ఒక బెల్టు. బాబీ నడుము బెల్టు బిగించి, దుకాణంలో ఉన్న కిరాణా మూటొకటి అందులో వేయించుకుని గుమ్మం మెట్లు నాలుగైదు సార్లు ఎక్కి దిగాడు. బరువు భుజాల మీద కాకుండా నడుము మీద నిలబడుతోందని సంబరపడ్డాడు. ధర కూడా ఆమెకు అందేదే. ఆ రకంలో రెండే మిగిలాయి. ఒకటి మట్టిరంగుది, ఒకటి ఆకుపచ్చది. ఏది కావాలో తీసుకోమన్నాడు గణపతిరావు.

బాబీ రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. మట్టిరంగుది చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ ఆకుపచ్చదే బాగున్నాది. మిలట్రీ వోల్ల రంగు," అన్నాడు.

గణపతిరావు వేళాకోళం అనుకుని నవ్వాడు. నారాయణమ్మ నవ్వలేదు. ఆమెకు తన తండ్రి ఎర్రన్న గుర్తొచ్చాడు. పండు మిరపకాయనీ పచ్చి మిరపకాయనీ పక్కపక్కన పెడితే రెండూ ఒకటే అనేవాడు ఆయన. వల చివర కట్టిన జెండా ఎరుపో ఆకుపచ్చో పక్కవాణ్ణి అడిగి తెలుసుకునేవాడు. తెప్ప మీద అది నవ్వులాటగా గడిచిపోయింది గానీ, మిలట్రీలో కళ్లు పరీక్ష చేస్తారని బాబీయే ఆమెకు చెప్పి ఉన్నాడు.

ఆకుపచ్చది తీసి వాడి చేతిలో పెట్టింది. అది కాస్త కొత్తదిలా ఉందని మాత్రం అంది.

ఇంటికొచ్చాక చేటలో మిరపకాయలు పోసి, పండువి ఏరిపెట్టమంది. బాబీ పాట పాడుకుంటూ ఏరాడు. వాడు ఏరినవాటిలో సగం పచ్చివే. వాడు లేచి వెళ్లాక ఆమె పచ్చివి మళ్లీ ఏరి వేరు చేసింది. ఆ వారంలోనే బజారులో కళ్లజోళ్లాయన్ని అడిగింది, ఎవరి గురించో చెప్పకుండా. అది పుట్టుకతో వచ్చేదనీ, మందు లేదనీ, తాత నుంచి కూతురి మీదుగా మనవడికి దిగుతుందనీ ఆయన చెప్పాడు. కూతురికి మాత్రం అన్ని రంగులూ కనిపిస్తాయట.

ఆ రాత్రే చెప్పాల్సింది. చెబుదామని రెండు మూడుసార్లు దగ్గరకు వెళ్లింది కూడా. కొత్త బ్యాగులో ఇసుక కొలిచి పోసుకుంటూ ఉండేవాడు, లేదా దానికి నీళ్ల సీసా ఎక్కడ తగిలించాలో చూసుకుంటూ ఉండేవాడు. ఆమె అన్నానికి రమ్మని పిలిచి వెనక్కి వచ్చేసేది. బదులుగా అరసవల్లి వెళ్లింది. కళ్ల జబ్బులు ఆ సూర్యదేవుడే బాగుచేస్తాడని చిన్నప్పట్నుంచీ విన్నది. ఆదివారం ఆదివారం ఉపవాసం ఉండి గుడికి వెళ్లొచ్చింది. రథసప్తమికి చీకటుండగానే వరసలో నిలబడి, తన కళ్లు తీసుకుని వాడికివ్వమని మొక్కింది.

ఆ మధ్యలోనే తమ్ముడు హరిబాబు వచ్చాడు. శ్రీకాకుళంలో మోటారు పంపుల దుకాణంలో గుమస్తా అతను. యజమాని నమ్మకమైన కుర్రాడి కోసం చూస్తున్నాడని, బాబీని పంపమని అడిగాడు. పంపేస్తే సరిపోయేది. అయినా ఆమె నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"ఆడు మిలట్రీకే ఎల్తాడు. ఇంకోల్లని సూసుకో," అంది.

మరుసటి ఏడాది వానాకాలంలో సెలక్షన్లు జరిగాయి. బాబీకి ఇరవై ఒకటి నిండబోతోంది, వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. పరుగులో తన గుంపులో మొదట వచ్చాడు. మిగతావీ దాటాడు. ఆ సంగతి ఫోన్లో విని పల్లెలో వాళ్లు ఆమె నోట్లో బెల్లం పెట్టారు. వైద్య పరీక్షలో రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి అంకె చదవమన్నారట. అన్నీ ఒకలాంటి చుక్కలే కనిపించాయట.

రెండో రోజు పొద్దున ఇంటికొచ్చాడు. బ్యాగు విప్పకుండానే గుమ్మంలో కూర్చున్నాడు. డాక్టరు, మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని అడిగాడని చెప్పాడు. లేదన్నానని కూడా చెప్పాడు.

నారాయణమ్మ వాడి పక్కన కూలబడింది.

"మీ తాతకుంది," అంది. "బ్యాగు కొన్న నాడే తెలిసింది నాకు."

బాబీ ఆమె ముఖంలోకి చూశాడు. కేకలు వేస్తాడేమోనని ఎదురుచూసింది. వెయ్యలేదు.

"అప్పుడే సెప్తే మావ దుకానంలో సేరిపోదును గదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"నువ్వు నవ్వుతన్నావురా. ఆపడానికి నాకు మనసొప్పలేదు."

వాడు బ్యాగు దించి పక్కన పెట్టాడు. లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాడు.

హరిబాబు యజమాని అప్పటికే వేరే కుర్రాణ్ణి పెట్టుకున్నాడు. మూడు నెలలు బాబీ ఏవేవో పనులకు తిరిగాడు. దసరా దగ్గర పడుతుండగా పల్లె నుంచి గుజరాత్‌లోని వెరావల్ చేపల బోట్లకు పనికి వెళ్లే జట్టులో పేరు రాయించుకున్నాడు. తల్లికి ముందు చెప్పలేదు. తెలిసిన రోజు ఆమె ఒట్టు సంగతి ఎత్తబోయి ఆగిపోయింది. ఆ మాట అనే హక్కు తనకు లేదనిపించింది. బట్టలు మడిచి ఆ బ్యాగులోనే సర్దిపెట్టింది. రెండేళ్లకు జిప్పు పోతే అక్కడే ఎవరి చేతో కుట్టించుకున్నాడని విన్నది.

వేట ఆపే నెలల్లో వస్తాడు. ఇంటి కప్పు వేయిస్తాడు, ఆమెకు మందులు తెస్తాడు, ఒక్క పరుషమైన మాట అనడు. కానీ తన సంగతేదీ చెప్పడు. బోటు మీద ఏమి వండుకుంటారో, గాలివాన వస్తే ఏం చేస్తారో ఆమె వేరేవాళ్ల ద్వారా తెలుసుకుంటుంది. కొండ ఎక్కి వచ్చి పళ్లెం ముందు కూర్చుని గబగబా చెప్పుకుపోయిన ఆ పిల్లాడు మళ్లీ ఇంటికి రాలేదు.

మొన్న ఒకరోజు ఫోన్లో ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఒరే బాబీ, ఒక్కసారి నన్ను తిట్టరా," అంది.

అవతల బోటు ఇంజిను చప్పుడు వినిపించింది. ఎవరో వాణ్ణి పిలిచారు.

"తిట్టడానికేటున్నాదమ్మా," అన్నాడు. "అన్నం తిన్నావా?"

తిన్నానని చెప్పింది. తినలేదు.