చంద్రిక చుట్టూ ఆరు అంకెలు

నా చిన్నప్పుడు కెలమంగలంలో మా ఇంట్లో మనుషులకన్నా పట్టుపురుగులకే ఎక్కువ చోటు ఉండేది. మేము గడప దగ్గర ముడుచుకుని పడుకుంటే, అవి నడింట్లో దర్జాగా ఆకు మేసేవి. నాకేమో లెక్కలంటే గుండె దడ. ఆరో తరగతిలో రెండు పరీక్షలు పోయాయి. మూడోది కూడా పోతే బడి మానిపించి ఆకు కోతకు పంపుతానని మా నాయన తేల్చి చెప్పేశాడు. ఆయన మాటంటే మాటే.

పక్కింటి అక్క ఎనిమిదో తరగతితోనే బడి మాని పురుగుల పనిలో పడిన మనిషి. నేను ఏడుస్తుంటే చూసి, ఖాళీ చంద్రికను తెచ్చి బోర్లించింది. చంద్రిక అంటే పురుగులు గూడు కట్టుకునే గుండ్రటి వెదురు తట్ట. దాని అంచు చుట్టూ సుద్దముక్కతో ఆరు అంకెలు రాసింది: 1, 4, 2, 8, 5, 7.

ఆ లక్షా నలభైరెండు వేల పైచిలుకు సంఖ్యను రెండుతో గుణించమంది. తంటాలు పడితే 285714 వచ్చింది. అక్క చంద్రికను కాస్త తిప్పింది. రెండు దగ్గర మొదలుపెట్టి చుట్టూ చదివితే అదే సంఖ్య! మూడుతో చేసినప్పుడు ఒక అంకె తప్పాను. తట్ట మీద ఆ వరుస లేకపోవడంతో తప్పు నాకే తెలిసింది, నేనే దిద్దుకున్నాను. ఆరు దాకా అవే అంకెలు, అదే వరుస, మొదలు మాత్రమే వేరు. అంత పెద్ద సంఖ్య నాకు లొంగిందని పొంగిపోయాను.

ఏడుతో చేయమంటే నేను గుణిస్తేగా! మళ్లీ మొదటికే వస్తుందని 142857 రాసి ధీమాగా చూపించాను.

"చేసి చూసినావా పాపా, తట్టను చూసి రాసినావా?" అంది అక్క. నేను తల వంచుకున్నాను. "నాలుగు జ్వరాలు వచ్చినాయని ఐదోది కూడా వస్తాదనుకుంటే పోయినేడు ఏమాయె?"

పురుగు మేత మాని పొర విడవడాన్ని మా వైపు జ్వరం అంటారు. అది నాలుగుసార్లే. ఆ తర్వాత మేత మానిందంటే పురుగు పండినట్టు, గూడు కట్టే వేళ వచ్చినట్టు; వెంటనే చంద్రికకు ఎక్కించాలి. ఆ పోయినేడు కాపలా ఉన్న నేను, మేత మానితే ఇంకో జ్వరమే కదా అని ఎవరికీ చెప్పలేదు. పురుగులు ఆకు చెత్తలోనే గూళ్లు కట్టేసి, పంటంతా పాడైంది.

సిగ్గుపడుతూ ఏడుతో గుణించాను. 999999. ఆరు తొమ్మిదులు! నేను నోరు తెరిచేశాను.

"నేను బడి మానినా గానీ ఈ లెక్క నన్ను మానలేదు," అని అక్క నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకెందుకో ఏడుపొచ్చింది. అంత తెలివి ఆకు కోతలో పడి ఉందని అప్పుడే మొదటిసారి తెలిసింది.

ఆ పరీక్ష గట్టెక్కాను, బడి నిలిచింది. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో విడిభాగాల కొలతలు సరిచూసే పనిలోనే రిటైరయ్యాను. ఆరు సరిగ్గా ఉన్నాయని ఏడోదాన్ని ఏనాడూ కొలవకుండా వదల్లేదు. ఏడోది చేతికి తీసుకున్న ప్రతిసారీ, బడి మానిన ఆ అక్క నా పక్కనే నిలబడి అడిగేది: "చేసి చూసినావా పాపా?"