ట్రాక్టరుకు తోడు

నా చిన్నప్పుడు మా మేనత్త పుట్టింటికి ట్రాక్టరు తోలుకుంటూ వచ్చింది. భర్త పోయిన ఆడది పుట్టింటికి వస్తే ఎద్దుల బండిలో ఒక మూల కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వస్తుందని మాత్రమే మా ఊరివాళ్లకు తెలుసు. మా అత్త కమలాపురం దగ్గరున్న అత్తగారి ఊరి నుంచి కోయిలకుంట్ల పక్కనున్న మా ఊరిదాకా తనే స్టీరింగు పట్టుకుని వచ్చింది. తలకు పాత తువ్వాలు చుట్టుకుంది. మొహం నిండా దుమ్ము. చప్పుడు విని జనమంతా వీధిలోకి వచ్చి నిలబడ్డారు. మా నాయనమ్మను మేం జేజి అని పిలిచేవాళ్లం. ఆమె బిడ్డను పట్టుకుని ఏడవాలని వాకిట్లో సిద్ధంగా ఉంది కానీ, ఆ ఇంజను మోతలో ఆమె ఏడుపు ఎవరికీ వినపడలేదు. కాసేపు చూసి ఆమే ఏడుపు మానుకుని, "దీన్ని యాడ నిలబెడతావే, గొడ్లు బెదరవా?" అని అడిగింది.

అత్తగారింట్లో పంపకాలప్పుడు ఆమెకు ఆ ట్రాక్టరే ఇచ్చి పంపారు. ప్రేమతో ఇచ్చింది కాదు. మామ పోయినప్పటి నుంచీ అది వాళ్ల మాట వినడం మానేసింది, తెల్లవారితే మొరాయించేది, అందుకని వదిలించుకున్నారు. మా అత్త మాత్రం ఏనుగును ఇచ్చినంత సంబరంగా తెచ్చుకుంది. మామ బతికుండగానే ఆమెకు దాన్ని నడపడమే కాదు, దాని తిండీ తిప్పలూ కూడా నేర్పిపోయాడు.

ఆ బండి పరదేశంలో పుట్టింది. ఎర్ర రంగు చాలావరకు పోయి ఇనుము బయటపడింది. దానికి రెండు ట్యాంకులు. చిన్నదాంట్లో పెట్రోలు, పెద్దదాంట్లో సీమనూనె, రెండింటికీ కింద ఇత్తడి టాపులు. మా వైపు కిరసనాయిలును సీమనూనె అంటాం. సీమ అంటే మన రాయలసీమే అనుకునేదాన్ని నేను. ఎక్కడో పుట్టిన బండి మన సీమ నూనె తాగితే గానీ కదలడం లేదని ఊరి పిల్లలందరి దగ్గరా గొప్పలు పోయాను. ఇక్కడ సీమ అంటే పరాయి దేశమని, సీమచింతకాయలో ఉన్న సీమే ఇదీ అని పెద్దయ్యాక ఎవరో చెప్పారు. నేను ఇప్పటికీ ఒప్పుకోలేదు.

దాని తిండి సంగతి అత్త మొదటి రోజే ఇంటిల్లిపాదికీ చెప్పింది. చల్లగా ఉన్నప్పుడు సీమనూనె దానికి అరగదు. పొద్దున పెట్రోలుతోనే లేపాలి. ఒళ్లు బాగా కాగిన తర్వాత సీమనూనె మీదికి తిప్పితే సాయంత్రం దాకా దాంతోనే దున్నుతుంది. ఆపే ముందు మాత్రం మళ్లీ పెట్రోలు మీదికి తిప్పి, కాసేపు నడిపి, అప్పుడు ఆపాలి, లేకపోతే గొంతులో మిగిలిన సీమనూనె పొద్దున దాన్ని లేవనివ్వదు. అందరూ తలలూపారు. అందరికన్నా ఎక్కువ ఊపింది మా పెదనాయన.

పెదనాయన మా ఇంటికి పెద్ద. చెడ్డవాడు కాదు. కొందరికి చేతికి ఎముక లేదంటారే, ఆయనకు రెండు ఎముకలుండేవి, అంతే. పెట్రోలు పిరం, సీమనూనె అగ్గువ, అంటే చవక, అన్న ఒక్క ముక్క ఆయన తలలో నాటుకుంది. పైగా ఆడవాళ్లు మడక పట్టకూడదని మా ఊళ్లో పట్టింపు, మడక అంటే నాగలి. అందుకని చెల్లెలిని పక్కన నిలబెట్టి, ట్రాక్టరు తనే ఎక్కాడు.

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. పడ్డాక మా నల్లరేగడి చేలల్లో మంచి పదును వచ్చింది. ఆ పదును ఆరేలోగా దున్ని జొన్న విత్తాలి. లేకపోతే ఆ ఏడు మాకు రొట్టె లేదు, గొడ్లకు చొప్ప లేదు. మా ఎద్దులు ఎంత లాగినా సగం చేను కూడా తెమలదు. అందుకే పెదనాయన ట్రాక్టరుతో దిగాడు. మొదటి రోజు బ్రహ్మాండంగా దున్నాడు. పొద్దుగూకేసరికి అత్త గట్టు మీద నుంచి, "అన్నా, ఆపొద్దు, పెట్రోలుకు తిప్పు!" అని కేక పెట్టింది.

"నిలబెట్టేదానికి కూడా పెట్రోలేనా? బాగుండాది నీ లెక్క!" అని ఆయన అక్కడికక్కడే ఇంజను ఆపేశాడు.

మరుసటి రోజు పొద్దున అది లేవలేదు. ముందు భాగంలో హ్యాండిల్ పెట్టి తిప్పి తిప్పి పెదనాయన భుజాలు పడిపోయాయి. మా నాయన తిప్పాడు. దారిన పోయేవాళ్లు కూడా తలా ఒక చెయ్యి వేశారు. అది ఒకసారి దగ్గి, తెల్లగా పొగ వదిలి ఊరుకుంది. చివరికి మా ఎద్దులనే కట్టి దాన్ని చేలో నుంచి ఇంటికి లాక్కొచ్చారు. రచ్చబండ దగ్గర కూర్చున్న ముసలాయన ఒకరు, "ఏమప్పా, ఎద్దులు ట్రాక్టర్ను దున్నుతాండాయే!" అని నవ్వాడు. ఆ మాట ఊరంతా పాకింది. పెదనాయన మొహం మాడిపోయింది.

ఆయన తప్పు తనదనుకోలేదు, నూనెదనుకున్నాడు. కోయిలకుంట్లలో కొత్త ట్రాక్టర్లన్నీ డీజలుతో నడుస్తున్నాయని విని, ఒక డబ్బా డీజలు తెప్పించాడు. అత్త ఆ డబ్బాకూ ట్యాంకుకూ మధ్య నిలబడింది. "ఇది డీజలుది కాదన్నా. దీనికి ప్లగ్గు నిప్పు ఉండాది. ఈ జిడ్డు పోస్తే లోపలంతా పూడుకుపోతాది. నన్ను తొక్కి పొయ్యి," అంది. పెదనాయన డబ్బా కింద పెట్టాడు కానీ కోపం దించలేదు. రేపటికి ఇది కదలకపోతే పాత ఇనుము కొనేవాడికి చెప్పి పంపిస్తానని అందరి ముందూ అనేశాడు. మాకు అర్థమైంది. ట్రాక్టరు పోతే చేను బీడు పడుతుంది. అంతకన్నా ముందు, మా అత్తకు ఆ ఇంట్లో మిగిలేది పడుకోవడానికి ఒక మూల, తినడానికి ఒక పళ్లెం.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె వంటింట్లోకి పోయి పాలు కాచింది. రోజూ లాగే అన్నాల తర్వాత పాలకుండ దించి చల్లార్చింది. చట్టిలో అడుగున మిగిలిన గరిటెడు పెరుగును మాత్రం పాలల్లో కలపకుండా, ఒక గిన్నెలో పెట్టి మూత వేసింది. నేను చూసి, "అత్తా, తోడెయ్యలేదే," అన్నాను. నోటి మీద వేలు పెట్టి నవ్వింది.

పొద్దున అందరూ చద్ది సంగటికి కూర్చున్నారు. మా ఇంట్లో పెరుగు లేకుండా సంగటి ముద్ద గొంతు దిగదు. మా అమ్మ కుండ మూత తీసి నిలబడిపోయింది. పాలు పాలుగానే ఉన్నాయి, పైగా వాసన కొడుతున్నాయి. పెదనాయన గొంతు లేచింది, ఎవరు మరిచిపోయారని. అప్పుడు అత్త ఆ గిన్నె తెచ్చి, గరిటెడు పెరుగును ఆయన పళ్లెంలో సంగటి ముద్ద పక్కన వేసింది.

"మరిచిపోలేదన్నా, మిగిలిచ్చినా. దినామూ గరిటెడు పెరుగు పాలల్లో పారేస్తాండామే, ఎందుకు దండగ అనుకుంటి. నువ్వు మొన్న పెట్రోలు మిగిలిచ్చినావు చూడు, ఆ మాదిరే."

పెదనాయన ఆ గరిటెడు పెరుగును చూస్తూ కూర్చున్నాడు. ముందు మా జేజి నవ్వింది, తర్వాత మా నాయన. పెదనాయన నవ్వలేదు. ఆ పెరుగు కలుపుకుని, ఉప్పు, ఉల్లిగడ్డ నంజుకుని సంగటి మొత్తం తిని, చెయ్యి కడుక్కుని, "పెట్రోలుకు మనిషిని పంపిస్తాండా. నువ్వే తోలు," అని బయటికి పోయాడు. ఆడది ట్రాక్టరు ఎక్కుతుందా అని రచ్చబండ దగ్గర ఎవరో అడిగితే, "ఎక్కితే ఏమప్పా? మడక యాడ పట్టుకుంటాంది, స్టీరింగు కదా పట్టుకునేది!" అని ఆయనే దబాయించాడట. మా వంశంలో నోరు ఆడవాళ్లకే ఉందనుకునేదాన్ని, ఆ రోజుతో ఆ అపోహ పోయింది.

ఇక ఇంట్లో తోడు చుక్క లేదు, ఉన్నది పెదనాయన కడుపులోకి పోయింది. దీపాలు పెట్టాక తోడు అడిగితే ఎవరూ ఇవ్వరు కాబట్టి మధ్యాహ్నమే నన్ను పక్కింటి ఖాలా దగ్గరికి పంపారు. సాయిబుల ఇంటి పెద్దామె ఆమె, ఖాలా అంటే పిన్నమ్మ, ఊరందరికీ ఖాలానే. వాళ్ల బావి మీద డీజలు ఇంజను ఉండేది. ఆ డీజలు డబ్బా వాళ్ల ఇంజనుకు పోయింది, వాళ్ల పెరుగు మా పాలకు వచ్చింది. ఎవరి తిండి వాళ్లకు చేరింది.

అత్త కార్బొరేటరులో నిలిచిపోయిన సీమనూనెనంతా వంచేసి, ప్లగ్గులు తుడిచి, పెట్రోలు టాపు తిప్పింది. బండి లేచింది. చేలోకి పోయాక నన్ను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుంది. ఒళ్లు కాగిందో లేదో తెలుసుకోవడానికి, దోసె పెనం మీద చల్లినట్టు ఇంజను గొట్టం మీద రెండు చుక్కల నీళ్లు చల్లించింది. చుయ్యిమన్నాక సీమనూనె టాపు తిప్పమంది. సాయంత్రం వరకు ఒక్కసారి కూడా అలగకుండా దున్నింది ఆ బండి. వెనకాల నల్లమట్టి తిరగబడుతుంటే కొంగలు వచ్చి వాలాయి. గట్టు మీద నిలబడిన ఆడవాళ్లు పని మానుకుని చూశారు. మా అత్త ఒక్కసారి కూడా అటు తిరగలేదు కానీ, చూస్తున్నారని ఆమెకు తెలుసు. అవసరం లేని చోట కూడా హారను కొట్టింది.

పొద్దుగూకింది. ఇంజను నడుస్తూనే ఉంది. అత్త నా వైపు తిరిగి, "పాపా, ఇప్పుడు తోడెయ్యి," అంది. నేను దిగి సీమనూనె టాపు కట్టేసి, పెట్రోలు టాపు తెరిచాను. ఆపమంటుందని చూశాను, ఆమె వేలెత్తి ఆగమంది. పొగ వాసన మారింది. ఇంజను గొంతు కూడా తేలికపడింది. గొంతులో మిగిలిన సీమనూనె కాలిపోయి పెట్రోలు నిండిందని అర్థం. అప్పుడు ఆపింది. "పెరుగు రేపు తినాలంటే తోడు ఈ పొద్దే పడాల. దీనికీ అంతే," అని ఇంజను మీద ఒక చరుపు చరిచింది.

మర్నాడు పొద్దున చేలో తిరునాళ్లలా జనం. లేస్తుందా లేవదా అని చూడటానికే వచ్చారు. హ్యాండిల్ పెదనాయన పట్టుకున్నాడు. నేను హ్యాండిల్ కన్నా టాపునే చూస్తూ నిలబడ్డాను, ఎందుకంటే దాన్ని తిప్పింది నేనే. ఆయన ఊపిరి బిగబట్టి ఒక్క తిప్పు తిప్పాడు. అది ఎంత గట్టిగా అందుకుందంటే ఆయన వెనక్కి తూలి, తలపాగా మట్టిలో పడింది. జనం ఈలలు వేశారు. పెదనాయన తలపాగా దులుపుకుంటూ, "రాత్రి దీనికి తోడేసింది ఎవరు?" అని అరిచాడు. అత్త నన్ను చూపించింది. ఆయన నన్ను రెండు చేతులా ఎత్తి ఊరందరికీ కనబడేలా సీటు మీద నిలబెట్టాడు. నాకు ఆ తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మనవళ్లు మనవరాళ్లు పుట్టారు, అన్నీ గొప్పవే. ఆ సీటు మీద నిలబడినంత ఎత్తు మాత్రం మళ్లీ ఎక్కలేదు.

పదును ఆరకముందే విత్తనం పడింది. పాత ఇనుము మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అప్పటి నుంచి పెదనాయన మంచం మీద వాలే ముందు, "తోడేసినారా?" అని ఒక కేక వేసేవాడు. పాలకు అడుగుతున్నాడో ట్రాక్టరుకు అడుగుతున్నాడో తెలియక మా అమ్మ వంటింట్లో నుంచి, అత్త కొట్టం దగ్గర నుంచి ఒకేసారి "ఆఁ" అనేవారు. ఒకసారి పరామర్శకు వచ్చిన బంధువొకామె, తోడు లేని బతుకు ఎట్లా ఈడుస్తావమ్మా అని అత్త చెయ్యి పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది. "తోడు ల్యాక ఏమక్కా, దినామూ ఏసే పండుకుంటాండా!" అంది మా అత్త. ఆ వచ్చినామెకు అర్థం కాలేదు. ఇంట్లో అందరం నవ్వాం. అత్త కూడా నవ్వింది. కానీ తర్వాత కొట్టంలోకి పోయి కాసేపు ఆ బండి పక్కన నిలబడింది. అది నేను చూశాను.

అత్త పోయి చాలా కాలమైంది. ట్రాక్టరు నాకు రాసిచ్చింది. నేనూ పెద్దదాన్నయ్యాను, వ్యవసాయం చేశాను, ఇల్లు నడిపాను. ఏ పనీ తోడు వెయ్యకుండా ఆపలేదు. కూలీలను పంపే ముందే రేపటి పని ఎక్కడ మొదలుపెట్టాలో చూపించేదాన్ని. మా ఆయనతో ఎంత పోట్లాడినా, పడుకునే ముందు ఒక మెత్తని మాట అనేదాన్ని, పొద్దున మాట కలవాలి కదా. అది ఓడిపోవడం అనుకునేవాళ్లు అనుకోనీ. మా ఇంట్లో పెరుగు ఏనాడూ తప్పలేదు.

బండి ఇప్పటికీ రేకుల కొట్టంలో ఉంది, దసరాకు పూజ చేసి నడుపుతాం. కుర్రవాళ్లు వచ్చి ఫొటోలు దిగుతారు. డీజలు పోద్దామా అని ఎవడో ఒకడు అంటాడు, నేను చేతికర్ర ఎత్తుతాను. సీమనూనె ఇప్పుడు స్టోరులో ఇవ్వడం లేదు. అందుకని రెండు ట్యాంకుల్లోనూ పెట్రోలే పోయిస్తున్నాను. వయసులో ఉన్నప్పుడు పొద్దునా సాయంత్రం ఒక్కో గుక్క మాత్రమే దొరికిన బండి, ముసలితనంలో రోజంతా అదే తాగుతోంది. అయినా ఆపే ముందు నా చెయ్యి చిన్న ట్యాంకు టాపు మీదికే పోతుంది, తిప్పి, కాసేపు ఆగి, అప్పుడే ఆపుతాను. మొన్న దసరాకు మా చిన్న మనవరాలు అది చూసి, "రెండిట్లోనూ పెట్రోలే కదా జేజీ, మళ్లీ ఎందుకు తిప్పుతాండావు?" అని అడిగింది. చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి, గోరువెచ్చని పాలకుండ ముందు కూర్చోబెట్టి, గరిటెడు పెరుగు దాని చేతికిచ్చాను.