చెరువుకు గుంటక తోలిన రోజు

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, కంబదూరు వైపు పల్లెల్లో చెరువు నిండడమే ఒక వింత. అందులో చేపలు పెంచమని చెప్పడానికి నన్ను ఉద్యోగంలో పెట్టుకోవడం అంతకు మించిన వింత. నేనేమో తుఫానులో నడిసముద్రం దాటి వచ్చినవాడిలా మాట్లాడేవాణ్ని. (శిక్షణలో ఒకసారి పడవ ఎక్కిన మాట నిజం. రేవు దాటకముందే వాంతులయ్యాయి.)

నన్ను నమ్మి ఒక ఊరివాళ్లు చెరువులో చేపపిల్లల్ని వదిలారు. ఎరువుగా పేడ వేయించాను. అదంతా అడుక్కి దిగింది. పైన నీళ్లు తేట, చేపలు వేలెడంతే. చెరువు పెత్తనం చూసే పెద్దాయన నిలదీశాడు. "ఏమప్పా, యాడికి పోతాండాది మా పేడ? చేపలు పెరగకుంటే ఈ ఊళ్లో నీ మాట ఇంకెవురూ వినరు."

కొత్త ఉద్యోగం. గొంతు సవరించుకున్నాను. "సముద్రంలోనూ ఇంతే పెద్దాయనా. సత్తువంతా అడుగున, వెలుతురంతా పైన. గాలికి, ప్రవాహాలకు నీళ్లు సుడులు తిరిగితేనే ఆ సత్తువ పైకొస్తాది. దాంతో కంటికి కనపడని నాచు పెరుగుతాది, దాన్ని తిని పురుగులు, పురుగుల్ని తిని చేపలు." అక్కడ ఆగి ఉంటే బాగుండేది. "మీ చెరువును కలిపేవాళ్లే లేరు" అని కూడా అన్నాను.

మెట్టసేద్యం చేసేవాళ్లకు కింది మట్టిని కదిలించడమంటే తెలిసింది ఒకటే. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఎద్దులు కడుపులోతు నీళ్లలో గుంటకలు లాగుతున్నాయి, విత్తనానికి చేను సిద్ధం చేస్తున్నట్టు. నల్లటి బురద, కుళ్లు వాసన. కాసేపటికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచాయి.

"సూడప్పా, మేతకొచ్చినాయి" అన్నాడు పెద్దాయన సంబరంగా.

మేతకు కాదు, ఊపిరికి. అడుగు కుళ్లు ఒక్కసారిగా లేస్తే నీళ్లలోని ప్రాణవాయువును అదే మింగేస్తుంది. (ఆ పాఠం చదివే ఉన్నాను. గుర్తొచ్చింది మాత్రం అప్పుడే.) ఎద్దుల్ని బయటికి తోలించి, "అందరూ దిగి, గాలి కలిసేట్టు నీళ్లు ఎగజిమ్మండి" అని ప్యాంటుతోనే దూకాను. ఊరంతా దిగింది, చెంబులతో, చేటలతో, అరచేతులతో. "నా పెండ్లిలో గూడా ఇంత వసంతమాడల్యా" అని ఒక అవ్వ నవ్వుతూనే ఉంది. మధ్యాహ్నానికి గాలి లేచి నీళ్ల మీద అలలు పుట్టాయి. చేపలు ఒక్కొక్కటే లోపలికి మునిగాయి. గట్టు మీద కూలబడి వాటికన్నా ఆబగా ఊపిరి పీల్చుకున్నాను. ఒక్క చేప కూడా చావలేదు. (సరే, కొన్ని చచ్చాయి. రాత్రికి పులుసు బాగా కుదిరింది.) మిగిలినవి, నీళ్లు పచ్చబడ్డాక, చెయ్యంత పెరిగాయి.

ఆ రోజు పెద్దాయన తడి పంచె పిండుకుంటూ అడిగాడు. "అయితే సముద్రానికి గుంటక ఎవురు తోల్తారప్పా?"

"గాలి తోల్తాది పెద్దాయనా."

ఆ ఉద్యోగంలో నేను పెంచి చెప్పని మాట బహుశా అదొక్కటే. అంత తక్కువ సముద్రం చూసి అంత ధీమాగా మాట్లాడిన ఆ కుర్రాడి మీద ఇప్పుడు కోపం రాదు. తడిసి వణుకుతున్న అతని పక్కన, ఆ గట్టు మీద, కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.