ఒత్తులు విడిపోయిన అక్క

వీధిలో అందరూ ఆయన్ని ‘ఈసారి ఖాయం’ అంటారు. చేసేది వీడియో ఎడిటింగ్, కంప్యూటర్‌ని నడిపించడానికి విండోస్ బదులు వాడేది లినక్స్. లినక్స్ ఒక్కటే అయితే గొడవే ఉండేది కాదు. ఎవరికి నచ్చినట్టు వాళ్ళు పేర్చి ఇచ్చినవి వందలున్నాయి, వాటిని డిస్ట్రోలంటారు. మూడేళ్లలో ఆయన పదకొండింటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి దించాడు. ఒకదాంట్లో శబ్దం ఆలస్యంగా వినిపించింది. ఇంకోదాంట్లో రంగులు వెలిసిపోయాయి. మరొకదాంట్లో అన్నీ బాగానే ఉన్నాయి కానీ, అంత బాగుండటమే ఆయనకి అనుమానం తెప్పించింది.

ఈ మూడేళ్లుగా ఆయన సొంతంగా తీస్తున్న సినిమా మాత్రం ఒక్కటే. పాతిక నిమిషాలది, సిటీ బస్సు నడిపే వాళ్ళక్క గురించి. ఆమె ఉద్యోగం ఈ శుక్రవారంతో ముగుస్తుంది. ఆ సాయంత్రమే డిపోలో తోటివాళ్ళందరి ముందు సినిమా వెయ్యాలి. ఆయన తాపీగా సోమవారంనాడు పన్నెండో డిస్ట్రో ఎక్కించాడు.

పన్నెండోది నిజంగానే బంగారం. శబ్దం, రంగులు అన్నీ కుదిరాయి. సంబరంగా ‘అక్క బస్సు’ అని పేరు టైపు చేస్తే, తెర మీద ‘అక్‌క బస్‌సు’ అని పడింది. ఒత్తులు అలిగి పక్కన కూర్చున్నాయి. ఫాంట్లు మార్చాడు, తిట్టాడు, బతిమాలాడు. బుధవారం వచ్చేసింది.

డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చిన అక్క తెర వైపు చూసింది.

“ఏరా, నీ కంప్యూటర్‌కి నత్తి వచ్చిందా?”

“ఒక్క రోజు ఆగక్కా. ఇంకో డిస్ట్రో ఉంది, అందులో తెలుగు బాగా వస్తుందట.”

“సినిమా ఎంతవరకు వచ్చింది?”

“చివరి రెండు నిమిషాలే మిగిలాయి.”

“పోయినేడాదీ అవే మిగిలాయి కదరా.”

ఆ రెండు నిమిషాల్లో అక్క బస్సుని డిపోలో పెట్టి, ఇంజను ఆపి, దిగి వెళ్ళిపోతుంది. అమ్మ పోయాక ఆయన్ని చదివించింది ఆ స్టీరింగే. అది ఆగిపోవడం చూడలేక ఇన్నాళ్లూ నెపం డిస్ట్రోల మీదికి నెట్టాడు. చివరికి ఆ మాటే తల దించుకుని చెప్పేశాడు.

అక్క జేబులోంచి డ్యూటీ కాగితం తీసి, వెనక్కి తిప్పి, లావుపాటి అక్షరాలతో ‘అక్క బస్సు’ అని రాసింది.

“దీన్ని ఫొటో తీసి పెట్టుకో. ఆ మిగిలింది అతికించు. నేనిక్కడే కూర్చుంటా.”

శుక్రవారం డిపోలో సినిమా వేశారు. తెర మీద బస్సు ఆగింది, ఇంజను ఆగింది. ఎవరూ కదల్లేదు. ముందు వరసలో అక్క చేత్తో కళ్ళు తుడుచుకుంది.

“ఇంకో ట్రిప్పు వెయ్యరా” అంది.

ఆయన వేశాడు.